ఇద్దరు డాక్టర్లు, ఒక ఎడమకాలు

చిట్టితల్లి కేథరిన్‌కు నాన్న దీవెనలు.

మీ మఠంలో సిస్టర్లందరూ బాగున్నారని తలుస్తాను. ఇక్కడ నా నడుం తప్ప ఇంట్లో అన్నీ క్షేమమే. నువ్వు ఫోను లేని చోట చేరావు కాబట్టి, ముప్ఫై ఏళ్ళు పోర్టులో క్రేన్ నడిపిన చేత్తో ఇప్పుడు ఉత్తరాలు నేర్చుకుంటున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

"ఏ డాక్టరు మాట వింటున్నావు నాన్నా?" అని అడిగావు. నాకే తెలిస్తే బాగుండును. మద్దిలపాలెం డాక్టరుగారు స్కానింగ్ ఫిల్ము లైటు మీద పెట్టి, నడుములో ఒక డిస్కు అరిగి పగిలిందనీ, దాని ముక్క నరాన్ని నొక్కుతోందనీ, ఆపరేషన్ చేసి తీసెయ్యడమే మంచిదనీ అన్నారు. సరేననుకున్నాను. ఆనందపురం డాక్టరమ్మ అదే ఫిల్ము చూసి, ఇప్పుడే కోత అక్కర్లేదు, ఆరు వారాలు మందులూ వ్యాయామాలతో చూద్దామన్నారు. దానికీ సరేననుకున్నాను. పొద్దున్నే ఆపరేషన్‌కు సిద్ధపడతాను, కాఫీ తాగేసరికి మనసు మారిపోతుంది.

ఇది చాలదని యారాడ నుంచి చేపలు తెచ్చిన దుర్గారావు గుమ్మంలోనే కూర్చుని, "బావా, ఎన్నుపూస మీద కత్తి ఎట్టనిచ్చావంటే మరి లేవవు. నాను సెప్తన్నాను, ఇను" అన్నాడు. వాళ్ళ పక్కింటాయన అదే ఆపరేషన్ చేయించుకుని మళ్ళీ సముద్రం మీద చేపల వేటకెళ్తున్నాడని చెప్పిందీ వాడే. ఏది పట్టుకోను చెప్పు?

ఇంతవరకూ రాసి పెన్ను పక్కన పెట్టి, మళ్ళీ తీశాను. పోయిన ఆదివారం చర్చి గేటు దగ్గర మీ అమ్మ వెనకనుంచి అరిచింది: "ఏటి, రోడ్డు మీద సెప్పు ఒగ్గేసి ఎల్లిపోతన్నావు?" చూసుకుంటే ఎడమకాలికి చెప్పు లేదు. జారిపోయినట్టు నాకు తెలియనే లేదు. "చర్చిలోకి చెప్పులు విడిచి వెళ్ళడం మన అలవాటే కదా" అన్నాను. "ఒక్క సెప్పేనేటి ఇడిసేది?" అని నవ్వేసింది. నేనూ నవ్వాను. పది రోజులుగా ఆ పాదం సరిగ్గా పైకి లేవడం లేదమ్మా.

డాక్టరమ్మ మాటల్లో సగమే మీకు చెప్పాను. "పాదం పట్టు తప్పితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా రండి, ఆపరేషన్ చెయ్యాల్సిందే. ఆలస్యమైతే ఆ బలం మళ్ళీ రాకపోవచ్చు" అని ఆవిడ రెండుసార్లు చెప్పారు. ఇప్పుడు ఇద్దరు డాక్టర్లదీ ఒకటే మాట. రెండు మాటలుగా ఉంచింది నేను.

ఎందుకంటావా, వచ్చే నెలలోనే నువ్వు దేవుడికి మాటిచ్చే మొదటి మాటపట్టు. నువ్వు సిస్టరువయ్యే పూజలో తల్లిదండ్రులం చెరో చెయ్యీ పట్టుకుని నిన్ను బలిపీఠం దాకా నడిపించాలి. ఆ రోజు మంచం మీద ఉంటానేమోనని భయపడ్డాను. ఈ కాలితో వస్తే అందరి ముందు నిన్ను పట్టుకుని పడతానేమోనని ఇప్పుడు ఇంకో భయం. నేను నిన్ను నడిపించాలా, నువ్వు నన్ను మొయ్యాలా?

ఏం చెయ్యమంటావని అడుగుదామనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నీ జవాబు వచ్చేసరికి పది రోజులవుతుంది. కాలు అన్నాళ్ళు ఆగదు. అందుకని కవరు అంటించకుండానే, పోస్టు చెయ్యమని మీ అమ్మ చేతికిస్తున్నాను. ఆవిడ చదవకుండా ఉండదు. చదివాక ఏ డాక్టరని నన్ను అడగదు, ఆ పూటే ఆపరేషన్‌కు లాక్కుపోతుంది.

బలిపీఠం దాకా అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని వెళ్ళు తల్లీ.

ఇట్లు,
ఇంకా గజిబిజిగానే ఉన్న మీ నాన్న,
జ్ఞానదాసు