మా కొండకు రివర్బ్ అక్కర్లేదు

అల్లూరి సీతారామరాజు జిల్లా, డుంబ్రిగుడ మండలం, జాకరవలస కాపురస్తులు కొర్రా గాసి, దేముడమ్మల కుమార్తె, వయసు ఇరవై ఆరు, కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం, కొర్రా రాజకుమారి అను నేను రాసుకున్న వీలునామా.

నా తెలివి సరిగానే ఉంది. సరిగా లేనిది గుండెలో ఒక కవాటం. చిన్నప్పటి కీళ్ల జ్వరం దాన్ని పాడుచేసి పోయింది. వచ్చే వారం విశాఖపట్నంలో ఆపరేషన్. ప్రమాదం తక్కువేనని డాక్టరుగారు చెప్పారు. కాబట్టి దీన్ని భయంతో రాయడం లేదు. కోపంతో రాస్తున్నాను. కోపం ఉన్నంతమాత్రాన వీలునామా చెల్లకుండా పోదని గాయత్రి చెప్పింది. గాయత్రి కాన్వెంటు హాస్టల్లో నా పక్క మంచం. ఇప్పుడు పాడేరులో ఒక లాయరుగారి దగ్గర జూనియర్. దీన్ని అమలు జరిపే బాధ్యత ఆమెకే అప్పగిస్తున్నాను.

కోపానికి కారణం రాయాలి. పోయిన ఆదివారం మా పెదనాన్న కొడుకు రవిబాబు నన్ను చూడడానికి వచ్చాడు. అతనికి విశాఖపట్నంలో రికార్డింగ్ స్టూడియో ఉంది. కమలాపళ్లు తెచ్చాడు. టీ తాగాడు. తర్వాత సంచిలోంచి హార్డ్ డిస్కు తీసి, "సెల్లీ, నీకేటీ అవ్వదు. అయినా ఆ డ్రై ట్రాకులు నా కాడ పడేయ్. ఏదైనా తేడా వత్తే నేనే బాగుసేసి రిలీజ్ సేత్తాను" అన్నాడు.

ఎదురుగా మనిషి ఉంటే నాకు మాట రాదు. ఊరందరికీ తెలిసిన సంగతే. రాయడం మాత్రం వచ్చు. ఆ రోజు చెప్పనిదంతా ఇక్కడ రాస్తున్నాను.

తెలియనివారికి ఒక వివరణ. ఎలక్ట్రిక్ గిటారును నేరుగా కంప్యూటరుకు కలిపి రికార్డు చేస్తే సన్నగా, ఎండుపుల్ల విరిచినట్టు ఒక శబ్దం వస్తుంది. దాన్ని డ్రై ట్రాక్ అంటారు. దానికి ప్లగిన్లు తగిలిస్తాం. అంటే యాంప్లిఫయరును, పెడల్‌ను, గదిని అనుకరించే సాఫ్ట్‌వేర్. అప్పుడు గాని ఆ గిటారుకు ఒక గొంతు రాదు. డ్రై ట్రాక్ ఉన్నంతకాలం ఎవరైనా నా ప్లగిన్లు పీకేసి తమవి పెట్టుకోవచ్చు. వేళ్లు నావే ఉంటాయి. గొంతు వేరేవాళ్లది అవుతుంది. ఈ వీలునామా అంతా ఆ ఒక్క విషయం గురించే.

దీనికి ముందు నేను రాసిన వీలునామా ఏదీ లేదు. రద్దు చేయవలసింది ఒకే ఒక మాట ఉంది. గిటారు కొన్న రోజు దుకాణంలో "ఎవరికి మేడమ్, తమ్ముడికా?" అని అడిగితే అవునన్నాను. ఆ జవాబును ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను.

1. నా పేరున భూమి లేదు. కాఫీ తోట, మిరియపు పాదులు నాన్నవి. నాకున్నవి ఒక గిటారు, ల్యాప్‌టాప్, సౌండ్ కార్డు, మైకు, హెడ్‌ఫోన్స్, అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకరు, కొన్ని ప్లగిన్ల లైసెన్సులు. ఇవికాక మా మామ్మ, అంటే నాన్న తల్లి, కొర్రా అసిరమ్మ మా ఆదివాసీ ఒడియాలో పాడగా నేను గిటారు వాయించి రికార్డు చేసిన పాటలు. చోడి, అంటే రాగి, చేలో కలుపు పాటలు, కోత పాటలు, ఒక జోలపాట.

2. గిటారు మా అమ్మ దేముడమ్మకు చెందాలి. అమ్మకు గిటారు వాయించడం రాదు. ఆడగుంటకి ఈ గోలేటని మొదటి రోజు నుంచీ అంటూనే ఉంది. ఇంట్లో అమ్మ పెట్టే యేసు ప్రార్థనకు వచ్చినవాళ్లు గరగరలాడే నా డిస్టార్షన్ మోత విని ముఖం చిట్లిస్తే వాళ్లకంటే ముందు తాను సిగ్గుపడింది. ఆ సిగ్గును నేను ఇంకా క్షమించలేదు. కానీ నేను నిద్రపోయాననుకుని పమిట చెంగుతో గిటారు తుడిచేది ఆవిడే. తుడిచేటప్పుడు తీగ మోగితే అరచేత్తో నొక్కేస్తుంది. ఒకసారి రికార్డింగు ఆపడం మరచిపోయాను. ఆ చప్పుడు జోలపాట మొదట్లో ఉంది. నేను కావాలనే ఉంచాను. అమ్మా, అక్కడ మోగించింది నువ్వే. వెతికి విను.

3. హెడ్‌ఫోన్స్ నాన్నకు. తోట నుంచి వచ్చి, కాళ్లు కడుక్కోకుండానే గుమ్మంలో కూర్చుని, మామ్మ పాట మొత్తం వాటిల్లో విన్నాడు. విని, "మాయమ్మ నా సెవిలోనే కూకుంది" అని, మళ్లీ తోటలోకి వెళ్లిపోయాడు. నా పని గురించి నాకు అందిన సమీక్ష అదొక్కటే. ఇంకొకటి అవసరం పడలేదు.

4. ల్యాప్‌టాప్, సౌండ్ కార్డు, మైకు, బ్లూటూత్ స్పీకరు తమ్ముడు ఫల్గుణకు. కింద వేరేగా చెప్పినవి తప్ప, బదిలీ చేయనిచ్చే లైసెన్సులు కూడా వాడివే. వాడు ఆటలు ఆడుకుంటాడని తెలుసు. ఆడుకోనీ. ఎప్పుడైనా గిటారు రికార్డు చేయాలని బుద్ధి పుడితే మాత్రం ఈ కింది షరతులకు లోబడాలి.

రెండు ప్లగిన్లు పోల్చేటప్పుడు రెండింటి వాల్యూమూ సమానం చేయి. ఎక్కువ మోగేది మంచిదిగా అనిపిస్తుంది. ఖరీదైన యాంప్ ప్లగిన్ గొప్పదని ఒక వానాకాలమంతా నమ్మాను. అది గొప్పది కాదు, గట్టిది. వాల్యూమ్ తగ్గించి పక్కన పెడితే, ఉచితంగా దొరికిన చిన్న యాంపే మామ్మ గొంతు పక్కన ఒదిగి కూర్చుంది.

బొమ్మ చూసి ఎంచుకోకు. తెర మీద నిజం యాంప్‌లాగే తుప్పు మరకలు కూడా గీస్తారు. తెర మీద తువ్వాలు వేసి విను.

ప్రీసెట్ల, అంటే వాళ్లు ముందే తిప్పి పెట్టి ఇచ్చిన అమరికల, పేర్లు నమ్మకు. స్టేడియం అని ఒకటి ఉంటుంది. మన ఇంట్లో పాడే ముసలావిడకు స్టేడియం దేనికి? అన్ని మరలూ సున్నాకు తిప్పి మొదలుపెట్టు. ఒక యాంప్, ఒక ఓవర్‌డ్రైవ్ పెడల్, ఒక స్పీకరు పెట్టె. ఈ మూడింటితో ఏడాది గడిపాక నాలుగోదాని గురించి ఆలోచించు.

మన ఊరి కరెంటుకు గిటారులో గుయ్‌మనే మోత వస్తుంది. దానికి నాయిస్ గేట్ పెట్టమని అందరూ చెబుతారు. గేట్ అంటే చప్పుడు తగ్గగానే తలుపు మూసేసే ప్లగిన్. స్వరం చివర మెల్లగా కరిగే భాగాన్ని కూడా ఆ తలుపు నరికేస్తుంది. బల్బు ఆర్పు, చార్జరు పీకు, గిటారు పట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చో. సగం మోత పోతుంది. మిగిలిన సగం మన ఊరు. ఉండనీ.

5. రవిబాబుకు రివర్బ్ ప్లగిన్ లైసెన్సు. రివర్బ్ అంటే పెద్ద హాలులో మోగిన భ్రమ కలిగించేది. నాకు దాంతో పని తీరిపోయింది, ఎలాగో కింద రాస్తాను. పెళ్లి పాటలకు అతనికి బాగా పనికొస్తుంది.

అతను ఇచ్చిన పెన్‌డ్రైవ్ కూడా తిరిగి ఇచ్చేయాలి. అందులో దొంగ ప్లగిన్లు దండిగా ఉన్నాయి. నేను తెరవలేదు. "ఇదంతా కాన్వెంటు సిస్టర్స్ పెట్టిన బయం" అని నవ్వాడు. భయం కాదు. ఎవరో కూర్చుని రాసినదాన్ని అడక్కుండా తీసుకోవడం నాకు నచ్చదు. అతను అడుగుతున్నది కూడా అదే జాతి పని అని అతనికి ఇంకా తట్టలేదు.

అతను చెడ్డవాడు కాదు. నా మొదటి తీగలు అతను తెచ్చినవే. తీగలన్నీ ఒకే వేలితో నొక్కే బార్ కార్డు పట్టలేక నేను ఏడిస్తే నా వేళ్లకు కొబ్బరినూనె రాసింది అతనే. అందుకే ఒక కలుపు పాట ట్రాకులు అడిగితే ఇచ్చాను, పని కాగానే మాట ప్రకారం చెరిపేశాడు. అతను శాంపిల్‌గా బాగుచేసి పంపిన ఆ పాటను చాలాసార్లు విన్నాను, ఇష్టపడాలని. రేకుల మీద వాన పడుతుండగా మామ్మ పాడింది. అతను గేట్ పెట్టాడు. మామ్మ నోరు తెరిస్తే వాన, మూస్తే ఎండ. నా గిటారు తీసేసి సినిమా గిటారు గొంతు పెట్టాడు. మామ్మ గొంతును ట్యూనింగ్ ప్లగిన్‌తో మెట్టు మెట్టుకూ అతికించాడు. ఆవిడ శ్రుతి తప్పిందని నాకు మెసేజ్ పెట్టాడు.

తప్పలేదు. ఆ పాటలో ఒక స్వరం రెండు మెట్ల మధ్య ఉంటుంది. ఆవిడ ప్రతిసారీ అక్కడికే వస్తుంది. నేను రోజూ ముందు మామ్మను పాడించి, ఆవిడకు గిటారు శ్రుతి చేసుకునేదాన్ని.

6. ట్యూనర్ ప్లగిన్ ఎవరికీ ఇవ్వడం లేదు. దాన్ని నేను వాడలేదు.

7. పాటల గురించి. ఈ పాటలు మొదట కొర్రా అసిరమ్మవి, తర్వాత నావి. బయటికి వెళ్లేటప్పుడు ఇద్దరి పేర్లూ ఉండాలి, ఆవిడ పేరు ముందు. స్టూడియో పేరు ఉండకూడదు.

వీటి గొంతు ఎలా కుదిరిందో రాసి ఉంచడం అవసరం. రేపు ఎవరైనా ఇది తెలియక చేసిన పని అనవచ్చు.

మా దగ్గర కొత్త పెట్టకుండా మామిడికాయ కూడా తినరు. ఏ పంట అయినా మొదట నిసాని దేవతకు పెట్టాలి, తర్వాతే ఇంట్లోకి. మొదటి పాట పూర్తయిందని చెబితే మామ్మ, కొత్త పెట్టకుండా ఊళ్లోకి ఎలా వదులుతావని అడిగింది. పాట పంట కాదు గదా అన్నాను. నేనే గదా పండించిందన్నది. దానికి జవాబు కాన్వెంటులో నేర్పలేదు. స్పీకరు పట్టుకుని ఆవిడ వెనకాల ఊరి చివర దేవత రాయి దగ్గరికి వెళ్లాను. అప్పటికి నెలల తరబడి హెడ్‌ఫోన్స్‌లో విని విని ఒక రివర్బ్ ఎంచుకున్నాను. ఏదో పాత ప్రార్థనామందిరంలో తయారుచేసిన శబ్దం. నా దృష్టిలో అది నా అభిరుచికి రుజువు.

రాయి ముందు స్పీకరు పెట్టి పాట వేశాను. మామ్మ తల వంచుకుని విన్నది. పాట అవకముందే, "బాగుంది గాని, ఇదేటే గుంటా, సర్చిలో పాడినట్టుంది? నానెప్పుడెల్నాను సర్చికి?" అన్నది.

నేను ఫోనులో పాటను ఆపాను. గిటారు ఆగినా, ఎదుటి కొండ నుంచి దాని తోక ఒకటి తిరిగి వచ్చింది, చాలా చిన్నగా. ప్లగిన్‌లోని హాలు అప్పటిదాకా దాన్ని కప్పేసింది. ఇంటికి వచ్చి అన్ని పాటల్లోంచీ రివర్బ్ తీసేశాను. అప్పటినుంచి ఏ ప్లగిన్ మార్చినా హెడ్‌ఫోన్స్‌లో ఒప్పుకోలేదు. స్పీకరు పట్టుకుని ఆ రాయి దగ్గరికి నడిచాను. అక్కడ నిలిచింది ఉంచాను, నిలవనిది తీసేశాను. ఎండలో, మంచులో, గొడుగు కింద. ఊళ్లోవాళ్లు నవ్వారు. ఆ నవ్వులకు కూడా నేను జవాబివ్వలేదు, ఇదిగో ఇప్పుడిస్తున్నాను. నా చెవులు అరువు తెచ్చుకున్నవి కావు. సరిపోయే గొంతు దొరికేదాకా వెతికాను. దొరికింది.

8. ఇక డ్రై ట్రాకులు. వీటి మీద హక్కు రవిబాబుకు గాని, ఫల్గుణకు గాని, గాయత్రికి గాని, మరే స్టూడియోకు గాని దఖలు పరచడం లేదు. ఉంచుకోవడమే తెలివైన పని అని గాయత్రి వాదించింది. రేపు ఇంకా మంచి ప్లగిన్లు వస్తాయి, అప్పుడు నువ్వే మార్చుకోవచ్చు గదా అన్నది. ఆ మాట నిజం. వస్తాయి. అయినా, మార్చుకునే వీలు ఉన్నంతవరకూ ఏ పాటా పూర్తి కాదు, నా చేతిలోనైనా, ఇంకొకరి చేతిలోనైనా.

గిటారు నాది, గొంతు మామ్మది. కాబట్టి ఆవిడను అడిగాను. తడి చేతులు చీరకు తుడుచుకుంటూ విన్నది. నేను ఎంచిన గొంతుతో కలిపిన పాటలు మాత్రం ఉంటాయని, విడివిడిగా ఉన్నవి పోతాయని, ఇక ఎవరూ బాగుచేయలేరని చెప్పాను. "పాడేసినాక మల్లీ నోట్లోకి ఎల్తాదేటి?" అన్నది. "సెరిపేయ్."

వీలునామా మనిషి పోయాక అమలవుతుంది. ఈ కలము, అంటే ఈ ఎనిమిదో అంశం, మాత్రం ఇవాళే అమలైంది. ప్లగిన్లతో సహా కలిపి, విడదీయడానికి వీల్లేని ఒకే ఫైలుగా బౌన్స్ చేసిన పాటలను గాయత్రికి ఇచ్చాను. గిటారు, గొంతు డ్రై ట్రాకులన్నింటినీ ల్యాప్‌టాప్ లోంచి, బ్యాకప్ లోంచి, ఆన్‌లైన్ లోంచి, కింద సంతకాలు చేసిన సాక్షుల ఎదుట, నా చేత్తో చెరిపేశాను. సాక్షులకు ఈ వీలునామాలో నేనేమీ రాయలేదు. నిజంగా చెరిగిపోయాయా అని వాళ్లు రెండుసార్లు అడిగారు. పోయాయి.

ఆపరేషన్ బాగా జరిగి నేను తిరిగి వస్తే, ఒకటి నుంచి ఏడు వరకు ఉన్న కలములు చెల్లవు. నా గిటారు నేను తీసుకుంటాను. ఎనిమిదో కలము చెల్లుతుంది. ఈ పాటలు ఇలాగే ఉంటాయి. నాకు కూడా మార్చే హక్కు లేదు.

ఇది చదివి, అర్థం చేసుకుని, ఇష్టపడి సంతకం చేస్తున్నాను.

జాకరవలస
14 జూలై 2024

(సంతకం) కొర్రా రాజకుమారి

సాక్షులు:
1. (సంతకం) పాంగి లక్ష్మీప్రసాద్, పక్కింటి కాఫీ రైతు
2. (వేలిముద్ర) గెమ్మెలి అప్పలనర్సమ్మ, ఎదురింటి ఆవిడ