అటకెక్కించిన స్టూలు

ఏమయ్యా, నిన్న ఇంటికొచ్చిన మీ అక్క చూస్తే పరువు పోతుందని, నేను కూర్చుని వండుకునే ఎత్తు స్టూలుని అటకెక్కించింది నువ్వే. "ఒక్క పూట నిలబడి వండలేవా?" అన్నావు. వండాను. పొద్దున మంచం దిగడానికి గోడ పట్టుకోవాల్సొచ్చింది.

నా నడుంనొప్పి ఇక పోదని నేనెప్పుడో ఒప్పుకున్నాను. ఒప్పుకోలేనిది నువ్వు. ఫ్యాక్టరీలో ఇస్త్రీ బల్ల దగ్గర కూర్చుని పనిచేస్తానని సూపర్‌వైజరు మెడలు వంచి సాధించుకున్నదాన్ని. నా పొయ్యి దగ్గర నీకు లొంగుతానా?

అందుకే నువ్వటు బయటికెళ్ళగానే ఇంట్లో కుర్చీలన్నీ, నీ పడక్కుర్చీతో సహా, మా యూనియన్ మీటింగుకి పంపించేశాను. మంచం గోడకి నిలబెట్టించి, పరుపు మేడ మీద ఎండేయించాను. సెలవు రోజు కదా, టీవీ, పేపరు, భోజనం అన్నీ నిలబడే కానివ్వు. ఒక్క పూటే కదా! అన్నం వండి పెట్టాను, కూర నువ్వే చేసుకో. నేల మీద కూర్చుని లేవలేకపోతే, మోకాళ్ళకి రాసుకునే నూనె గూట్లో ఉంది.

నేనొచ్చేలోగా స్టూలు దించి, తుడిచి, పొయ్యి పక్కన పెట్టు.

ఇంకోటి. "నా పెళ్ళాం కూర్చునే వండుతుంది, అది మాకు నామోషీ కాదు" అని మీ అక్కకి నీ నోటితో చెప్పాలి. ఇవాళే, ఫోను స్పీకర్లో పెట్టి, నా ముందే చెప్పు.