వడమాలకు వేసిన ముడి

శనివారం, రాత్రి

పొద్దున దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌లో పిల్లలకు డోపమైన్ గురించి చెప్పాను. కడుపు నిండినా మెదడు ఇంకా కావాలంటుందని, అది ఆకలి కాదని, బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పాను. సిగ్గులేని మనిషిని.

మధ్యాహ్నం ఎల్బీనగర్ ఇంటికొచ్చి కడుపు నిండా తిన్నాను. నా షుగర్ తగ్గాలని సుజాత ఒక్కపొద్దు ఉండి, కర్మన్‌ఘాట్ ఆంజనేయుడికి వడమాల గుచ్చి పెట్టింది. తను చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది. మిరియాల వాసన. దారం ముడి విప్పి, నిలబడే మూడు వడలు తిన్నాను. మూతి తుడుచుకుని మళ్లీ ముడి వేశాను.

"గిదేంది, మాల గింత చిన్నగైంది?" అంది బయల్దేరేటప్పుడు. నేను బండి తాళం వెతుకుతున్నట్టు నటించాను. "పప్పే తక్కువ నానబోసిన కావచ్చు," అని తనే సర్ది చెప్పుకుంది.

భార్య ఉపవాసముండి చేసినదాన్ని ఎంగిలి చేసి దేవుడి మెడలో వేయించాను. తినిపించింది డోపమైనే అనుకుందాం. మరి ముడి మళ్లీ వేయించింది ఏది? అది ఏ బోర్డు మీద గీయాలి?

పూజయ్యాక గుడి మెట్ల మీద కూర్చుని ప్రసాదం వడ తుంచి, తను నోట్లో వేసుకోకముందే నా చేతిలో పెట్టింది. "మీ కోసమే మొక్కిన. జర ఒక్క ముక్క తినుండ్రి, ఏం కాదు."

వద్దనాలనుకున్నాను. పొద్దుటి నుంచి పస్తున్నది ఆమె. నోరూరింది నాకు.