పిల్లి మీసంతో తోడు

సల్త్, మంగళవారం

చెల్లీ ఫద్వా, నేనూ మనవరాలూ క్షేమం, కార్డు చూసి కంగారు పడకు.

మరిదిగారిని మూడుసార్లు మంచాన పడేసిన మేకపాల జ్వరం ఉంది చూడు, నా మనవరాలు సుహైర్ ఆ క్రిమి మీదే పని చేస్తోంది. దాని లోపలి ప్రోటీన్ ఒకటి చక్కెర పలుకుల్లా గట్టిపడితే, ఇక్కడి పెద్ద వెలుగు యంత్రంలో పెట్టి ఆకారం చూస్తారట. యంత్రం దగ్గర దాని వంతు ఈ గురువారం, తప్పితే మళ్ళీ ఆరు నెలలకే. పలుకులు కట్టక పిల్ల తిండి మానేసింది.

శనివారం వచ్చి, "నానమ్మా, పిల్లి మీసం ఒకటి కావాలి" అంది. మతి చలించిందనుకుని నెత్తిన చెయ్యిపెట్టి ఖురాన్ ఆయతులు చదివాను.

"చదవడం అయ్యాక వెతికిపెట్టు. ఇదివరకు సరిగ్గా కట్టక చెడిన పలుకుల పొడి మీసానికి అంటించి కొత్త ప్రోటీన్ చుక్కలో గీస్తాం" అంది.

"పాలకు తోడు పెట్టినట్టా?"

"అంతే. ఆ ముక్క చెప్పడానికి మా సారు గంట తీసుకున్నారు."

మీసం పీకితే పాపం కదా, పక్కింటి పిల్లి పడుకునే దిండు దులిపితే ఒకటి దొరికింది. నిన్న పలుకులు కట్టాయి. పిల్ల రెండు పళ్ళేల మక్లూబా అన్నం తింది. గురువారం దాకా నా గుండె మాత్రం కుదుటపడదు, దువా చెయ్యి. మీ పిల్లివి రాలినవి ఉంటే కవరులో పంపు, పీకొద్దు. మరిదిగారి కీళ్ళనొప్పులు తగ్గాయా? ఆకారం తెలిసినా మందు రావడానికి పదేళ్ళు పడుతుందట. అల్లా మిమ్మల్ని చల్లగా చూస్తాడు, అందాకా మీరు మాత్రం పాలు పొంగేదాకా కాచి తాగండి.

మీ అక్క