విరిచి చూడని కొమ్ము

1994 జనవరి 30, ఆర్మూర్

అభియోగం ఇది: నేను గురువును అంగడికి ఈడ్చాను.

నోటీసు బోర్డు మీద మురళీధర్ అంటించిన కాగితంలో ఇది ఇంకా బారుగా ఉంది. "విశ్వవిద్యాలయ పరిశోధనను పసుపు దుకాణానికి తాకట్టు పెట్టించిన మన వక్తృత్వ సంఘం కార్యదర్శి..." పేరు రాయలేదు, పదవి రాశాడు. వేదిక మీద నా చేతిలో ఓడిన ప్రతిసారీ అతనికి గోడలు గుర్తొస్తాయి.

జవాబు చెప్తాను. మార్చి పన్నెండున విశ్వవిద్యాలయం విచారణ కమిటీ కూర్చుంటుంది. విద్యార్థుల తరఫున నన్ను మాట్లాడనిస్తామన్నారు. అంతవరకు హైదరాబాదు వదిలి ఇక్కడే, ఇంట్లో, పసుపు మధ్య.

జనవరి 31

నిద్ర లేదు. విషయాన్ని కాగితం మీద నిలబెట్టి చూసుకోవాలి.

నరహరి సార్ నాకు రసాయన శాస్త్రం చెప్పే గురువు. మూడేళ్ళు ప్రయోగశాల మూలన కూర్చొని పసుపు ఆరబెట్టే యంత్రం చేశారు. ఉడికిన పసుపును బిళ్ళలుగా కోసి అరల్లో పరిస్తే, కింది నుంచి వెచ్చని గాలి. కల్లంలో పక్షం రోజుల ఎండ చేసే పని రెండు పగళ్ళలో. సార్ దాన్ని వ్యాసంగా అచ్చువేసుకొని తృప్తిపడ్డారు. నేను పడలేదు. "మీ వ్యాసాన్ని ఆర్మూర్‌లో ఎవరు చదువుతారు సార్? కల్లం మీద వాన పడుతుంటే మా బాపు దాన్ని కప్పుకోవాలా?" అన్నాను. ఏడాది పాటు అన్నాను. చివరికి సార్ మా ఊరి వెల్డింగ్ రహీం భాయ్‌తో ఒడంబడిక చేసుకున్నారు: యంత్రాలు భాయ్ చేసి అమ్ముతాడు, లాభంలో కొంత సార్‌కు, కొంత ప్రయోగశాలకు.

మా శాఖ హెడ్ గారికి తెలిసింది. "అధ్యాపకుడు వర్తకుడు కారాదు." ఇప్పుడు సార్ ముందు రెండే దారులు. కమిటీని ఒప్పించడం, లేదా ఇక వ్యాపారం జోలికి పోనని రాసి సంతకం పెట్టడం. సంతకం పెడితే యంత్రం స్టోర్ రూముకు పోతుంది. తాళం పడుతుంది. అంతే.

సంతకం పడకూడదు.

ఫిబ్రవరి 4

ఉపాయం — వాదనకు ముందు సాక్ష్యం. మార్చిలోగా సార్ యంత్రంలో ఆరిన పసుపు ఆర్మూర్ అంగట్లో అమ్ముడుపోవాలి. అమ్ముడుపోయిన బస్తా ముందు ఏ ఆచార్యుడు నోరు తెరుస్తాడు?

బాపును అడిగాను. పొలం గట్టు మీద కూర్చొని చాలాసేపు చుట్ట నలిపాడు.

"పసుపును ఆలుగడ్డ లెక్క కోస్తడా మీ సారు?"

"కోస్తే తొందరగా ఎండుతుంది బాపూ."

"కోస్తె కూర గూడ తొందరగ ఉడుకుతది. అమ్ముడుపోవద్దా?"

పోయినేడు కల్లం మీద వాన పడి సగం పంట నల్లబడింది. ఆ సంగతి నేను ఎత్తలేదు. ఆయనే ఎత్తాడు. "సరే తీయి. ఒక మడి పసుపు నీది. ఏమన్న చేసుకో... మీ అమ్మకు జర నువ్వే చెప్పు."

ఫిబ్రవరి 5

అమ్మకు చెప్పాను. వారం దాకా మాట్లాడదట. వారం అని ఆమే చెప్పింది.

ఫిబ్రవరి 17

సార్ వచ్చారు. హైదరాబాదు బస్సు దిగగానే గాలి పీల్చి ఆగిపోయారు. ఊరంతా ఉడుకుతున్న పసుపు వాసన. "ఇంత వాసన ఉంటుందని అనుకోలేదమ్మా" అన్నారు. మూడేళ్ళు పసుపు మీద పనిచేసిన మనిషి! నవ్వొచ్చింది. తర్వాత ఎందుకో రాలేదు.

రహీం భాయ్ షెడ్డులో యంత్రం నిలబడి ఉంది. రంగు కూడా వేశాడు, ఆకుపచ్చ. సార్ దాని చుట్టూ తిరిగి ఒక బోల్టు తడిమారు.

"మీ ల్యాబ్ల ఉన్నదానికన్న మస్తుగ లేదా సార్ జీ?"

"అది తుప్పు పట్టింది భాయ్."

"మరి గంతే. లోపల పెడితె తుప్పు పడతది."

ఈ వాక్యాన్ని కమిటీ ముందు వాడుకుంటాను. భాయ్‌కి చెప్పే వాడుకుంటాను.

ఫిబ్రవరి 19

పసుపు కొప్పెరలో ఉడుకుతోంది. కూలికి వచ్చిన లచ్చవ్వ ఒక కొమ్మును తీసి ఈనె పుల్లతో పొడిచి చూస్తుంది. పుల్ల మెత్తగా దిగితే ఉడికినట్టు. పొడిచిన కొమ్మును కల్లంలోని మా పెద్ద రాశిలోకి విసురుతుంది. సార్ పక్కన కూర్చొని కత్తిపీటతో బిళ్ళలు కోస్తున్నారు. చేతులు మణికట్ల దాకా పసుపు.

"సారూ, పెండ్లిపిలగాని లెక్కనే ఉన్నవు. పిల్ల ఏది?"

ఆడవాళ్ళంతా నవ్వారు. సార్ చెవులు ఎర్రబడ్డాయి. వరుసగా ఆరు సదస్సుల్లో ఈ మనిషి ఇంత ఆనందంగా ఉండటం నేను చూడలేదు.

ఫిబ్రవరి 22

వాన!

అకాల వర్షం. కల్లాల మీద పరుగులు, రాశుల మీద తాడిపత్రులు కప్పడాలు, అరుపులు, ఎవరో ఏడుపు. ఆలూర్ వైపు కల్లాలన్నీ నీళ్ళట. మా పెద్ద రాశి కూడా తడిసింది. మా బిళ్ళలు షెడ్డులో, గలగలమంటూ పొడిగా. ముదురు బంగారం. సార్ ఒక బిళ్ళను దీపానికి అడ్డం పెట్టి చూస్తూ నిలబడిపోయారు.

బాపు బస్తాలు తెచ్చి అక్కడ పెట్టాడు, నింపుకోమన్నట్టు.

మురళీధర్, ఎక్కడున్నావు?

ఫిబ్రవరి 25

రాయగలనో లేదో.

పొద్దున మార్కెట్ యార్డు. మా బస్తాలు, కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణం ముందు, ఎప్పటి వరుసలోనే. రోజూ జరిగేదే జరిగింది... మా బస్తా దాకా. ఖరీదుదారు బస్తాలో చెయ్యి పెడతాడు, కొమ్ము తీస్తాడు, చెవి దగ్గర విరుస్తాడు. టక్‌మంటే ఎండినట్టు. విరిగిన చోట రంగు చూస్తాడు. అప్పుడు అడ్తిదారుతో రుమాలు కింద వేళ్ళు కలుపుతాడు. బేరం వేళ్ళతో, నాణ్యం చెవితో. పుట్టినప్పటి నుంచి వింటున్న చప్పుడు.

ఖరీదుదారు రాజన్న సేట్ మా బస్తాలో చెయ్యి పెట్టాడు. బిళ్ళ తీశాడు. ఇంకా లోతుకు పెట్టాడు. ఇంకో బిళ్ళ.

"కొమ్ము ఏది?"

"కొమ్ములను కోసి ఆరబెట్టాం. రంగు చూడండి..."

"రంగు కనవడుతనే ఉంది బిడ్డా. గిదే నాకు భయం." బిళ్ళను రెండు వేళ్ళతో నొక్కాడు. అది మెత్తని చప్పుడుతో, బిస్కెట్‌లా చిట్లింది. "నువ్వు సదువుకున్నదానివి, నువ్వే చెప్పు. కొమ్మైతె నేను విరుస్త. లోపల ఏమున్నదో మొదటి సారి చూసేటోణ్ణి నేనే. గిది మీరు ముందే కోసి తెస్తిరి. కోసినోడు ఏం దాచిండో నాకెట్ల ఎరుక?"

నేను వాదించాను. ఎంత బాగా వాదించానో! తేమ, రంగు, నూనె, అన్నీ చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. చివరికి రుమాలు భుజం మీద వేసుకున్నాడు. రుమాలు కింద ఎవరి చెయ్యీ పోలేదు. పక్క బస్తా వాళ్ళెవరో "చిప్స్ బాగున్నయి, ఉప్పు కారం వేసిన్రా?" అన్నారు. యార్డంతా నవ్వు.

సార్ గోనెసంచి అంచు పట్టుకొని నిలబడ్డారు. వదల్లేదు.

ఫిబ్రవరి 26

సార్ వెళ్ళిపోయారు. బస్సు కిటికీలోంచి: "నేను ల్యాబ్‌లో ఉండవలసినవాణ్ణి తల్లీ. హెడ్ గారు చెప్పింది తప్పేమీ కాదు."

అంటే సంతకం.

ఫిబ్రవరి 28

బిళ్ళ బస్తాలు వరండాలో. బాపు వాటి పక్కనుంచి నడుస్తాడు, చూడడు. తడిసిన పెద్ద రాశి కల్లంలో బూజు పడుతోంది. ఈ రాశిని కాపాడాలనే కదా అంతా. ఒక్క బస్తా గెలిపించలేకపోయాను.

మార్చి 1

హాస్టల్ నుంచి వార్త వచ్చింది. మురళీధర్‌కు అంగడి సంగతి తెలిసిపోయిందట. కమిటీ ముందు అదే అంటాడట: పండితుడు వ్యాపారానికి దిగితే చదువూ పోయె, సరుకూ పోయె.

మంచి వాక్యం. ఆ వాక్యం నాదైతే బాగుండేది.

మార్చి 3

అన్నం సహించదు. అమ్మ వారం మౌనం ఎప్పుడో అయిపోయింది. ఇవాళ పళ్ళెం ముందు పెట్టి, "వాళ్ళు కొనకుంటె మిల్లు పట్టియ్యి. కొమ్మును కొరికి ఎవ్వలన్న తింటరా? పొడే గద" అంది. నిజమే. కానీ పొడి మిల్లులు కొనేదీ రాజన్న సేట్ చెవి మెచ్చిన సరుకునే. ఆ చెవి దొంగది కాదు. రైతుకు, కొనేవాడికి మధ్య ఉన్న ఏకైక నమ్మకం అది. మేము దాన్నే కోసి పారేశాం.

మూడేళ్ళలో ప్రయోగశాలలో ఒక్కరంటే ఒక్కరు కొమ్మును చెవి దగ్గర విరవలేదు. సార్‌కు తెలియదు. నాకు తెలుసు, ఊపిరి తెలిసినట్టు తెలుసు. అడిగేవారు లేక చెప్పాలని తోచలేదు.

మార్చి 4

తోచింది. తలకిందులుగా పట్టుకున్నాను వాదనను.

అంగట్లో ఓడిపోవడం మురళీధర్ సాక్ష్యం కాదు, నా సాక్ష్యం. మూడేళ్ళలో గోడల మధ్య తెలియనిది యార్డులో ఒక్క పొద్దుటితో తెలిసింది. అధ్యాపకుడు అంగడికి పోయినందుకు ఓడలేదు. మూడేళ్ళు ఆలస్యంగా పోయినందుకు ఓడాడు. అంగడి లాభం లెక్కపెట్టే చోటు మాత్రమే కాదు, పరిశోధనను విరిచి చూసే చోటు.

కానీ సార్ సంతకం పెట్టేశాక ఈ వాదన ఎవరికి?

మార్చి 6

కల్లంలో కూర్చొని బూజు కొమ్ములు ఏరుతున్నాను. చేతికొచ్చినవి విరుస్తున్నాను, కోపానికి. మెత్తగా వంగుతాయి, తెగవు. వంగుతాయి. వంగుతాయి... ఒకటి టక్‌మంది.

చూశాను. నడుమ సన్నని రంధ్రం. లచ్చవ్వ ఈనె పుల్ల.

రాశంతా వెతికాను. పొడిచినవి ఇంకొన్ని దొరికాయి. కొన్ని టక్‌మన్నాయి, కొన్ని వంగాయి. బాపును పిలిచాను. ఒకటి విరిచాడు. ఇంకొకటి చెవి దగ్గర విరిచాడు. కళ్ళు మూసుకొని ఇంకొకటి.

"గిది ఎండినట్టే బిడ్డా."

కోయనక్కర్లేదేమో. పొడిస్తే చాలేమో. తడి లోపల్నుంచి రావడానికి దారి, విరవడానికి కొమ్ము... ఏమో. ఏమో!

మార్చి 7

బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్. సార్ ఇంటికి ఫోన్. చెప్పాను, ఊపిరి తీసుకోకుండా.

"చేతికొచ్చిన కొమ్ములతో శాస్త్రం కాదమ్మా."

"తెలుసు సార్."

"వానలో పైన ఉన్నవో, కింద ఉన్నవో..."

"తెలుసు సార్."

గరగర. లైను పోయిందనుకున్నాను. అప్పుడు —

"...రంధ్రం ఎంత లోతు?"

బూత్ అద్దానికి తల ఆనించి ఏడ్చాను. తర్వాత అడిగాను, కాగితం సంగతి. సంతకం చెయ్యలేదట. బల్ల మీదే ఉందట. "హెడ్ గారు పన్నెండు దాకా ఆగుతామన్నారు. నాకు ఉద్యోగం కావాలి తల్లీ. ఇంకో ఇద్దరు ఆడపిల్లల చదువులున్నాయి." ఆడపిల్లల చదువులు అన్న మనిషితో ఎలా వాదించను?

వాదించలేదు. మొదటిసారి.

మార్చి 10

రహీం భాయ్ అరల్ని మారుస్తున్నాడు. ఎవరూ అడగలేదు. "సార్ జీ వస్తె వస్తడు, రాకుంటె లేదు. ఫికర్ జేయకు బేటీ. ఇనుము పాడుగాదు." మేకులు కొట్టిన ఒక పలకను చూపించాడు. కొమ్ములను ఒక్క నొక్కుతో పొడవడానికట. సార్ చూడాలి. ఎంత లోతు, ఎన్ని, ఉడికే ముందా తర్వాతా. ఆ లెక్కలు నాకూ భాయ్‌కీ రావు. సార్ ఒక్కరికే వస్తాయి, అదీ ఇక్కడికి రానిస్తే.

మార్చి 12, హైదరాబాద్

పరిపాలనా భవనం, మేడ మీద వరండా. లోపల సార్ ఉన్నారు. తలుపు మూసి ఉంది. మురళీధర్ ఎదుటి బెంచీ మీద, ఇస్త్రీ చొక్కాతో. ఒక మాట అన్నాడు: "చేతిసంచిలో ఏముంది, చిప్సా?" నేను నవ్వాను. నిజంగానే నవ్వొచ్చింది.

సంచిలో కొమ్ములున్నాయి. పొడిచినవి, పొడవనివి కలిపి. ఏవి ఏవో నాకూ తెలియకుండా కలిపాను.

రాసుకున్న ఉపన్యాసమంతా చింపేశాను. మిగిలింది ఇంతే. పిలవగానే ఇది:

అయ్యలారా, నా మీద అభియోగం గురువును అంగడికి ఈడ్చానని. ఒప్పుకుంటున్నాను. మా అంగడి ఆయన్ను తిరగ్గొట్టింది, అదీ ఒప్పుకుంటున్నాను. ఎందుకు తిరగ్గొట్టిందో మీలో ఒక్కరు చెప్పగలిగినా, ఆ కాగితం మీద మొదట నేనే సాక్షి సంతకం పెడతాను. చెప్పలేకపోతే వినండి. చెప్పడం కాదు, వినండి. మీ ముందున్న కొమ్ములలో తలా ఒకటి చేతిలోకి తీసుకోండి. చెవి దగ్గర పెట్టుకోండి. విరవండి. విరిచిన తర్వాత, ఆయన చేతికి ఆ కలం ఇవ్వగలరేమో చూడండి.