కాళ్లకు పోసుకున్న నీళ్లు

ఖాట్మండు, 14 మే 2016, శనివారం

బడిలో పాఠాలు చెప్పడానికి వచ్చి నాలుగు రోజులే. ఇవాళ సెలవని ఊరంతా తిరిగి, దుమ్ము కాళ్లతో నేను దిగిన ఇంటికొచ్చాను. గుమ్మం పక్కన నిండు బిందె కనిపించింది. మా ఊరు అర్ధవీడులో ఇంటికొచ్చినవాళ్లకు పెట్టినట్టే కాళ్లకు పెట్టారనుకుని సగం ఒంపేసుకున్నాను. అవి ఇంటామె తెల్లవారుజామున లైన్లో నిలబడి తెచ్చిన తాగే నీళ్లని ఆమె కూతురు చెప్పింది. ఆమె మాత్రం నవ్వేసి, మిగిలినవాటిలోంచి ముందు నాకే గ్లాసు నింపింది. ట్యాంకరు దగ్గర బిందెతో కొట్లాడి పెరిగినదాన్ని, నాకైనా తెలియొద్దా?

తర్వాత నాయన ఫోను.

"ఆడన్నా నీళ్లకు కరువు లేదు గదమ్మా?"

"లేదు నాయనా."

"అయితే తలకు బాగా పోసుకో తల్లీ. నువ్వు పోయినాక మీ అమ్మకు ఒక బిందె మిగిలిందంట, ఒకటే సంబరం!"

నవ్వాను. అన్నాలయ్యాక ఇంటామె నీళ్లు తాగిందో లేదో చూడనేలేదు.