ఎదురుగాలికి వేసిన పొగ

హోర్న్ రేవు, మంగళవారం

నేల్చె వదినకు,

నిన్న నగరసభలో నా యుద్ధచిత్రం మీద తెర తీయగానే, నువ్వు అందరి ముందూ అడిగావు. "ఏమయ్యా మరిదీ, జెండాలన్నీ అటు ఎగురుతుంటే ఫిరంగుల పొగ ఇటు పోతోందేం? ఒకే సముద్రంలో రెండు గాలులా?"

ఓడలవాళ్లంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వేసి, "చెయ్యి తప్పింది వదినా" అన్నాను.

చెయ్యి తప్పలేదు. అన్నయ్య పోయిన ఆ రోజు చిన్న పడవలో కూర్చుని యుద్ధమంతా చూస్తూ గీసుకున్నవాణ్ణి, గాలి ఎటో నాకు తెలియదా?

ఆ పొగ కింద అన్నయ్య ఓడ ఉంది. మొదట దాన్ని ఉన్నదున్నట్టే, అందరికంటే ముందు, శత్రువుల మధ్య ఒంటరిగా వేశాను. బొమ్మ వేయించిన కెప్టెన్ బారెంట్ చూసి, "అదంత ముందుంటే, వెనక మేమేం చేస్తున్నామని అడగరూ? కాస్త పొగ వెయ్యవోయ్" అన్నాడు. వేశాను. గాలి వాటున వేస్తే ఓడ దాగదు. అందుకే ఎదురుగాలికి వేశాను.

వెళ్లేటప్పుడు నువ్వు మెల్లగా, "మీ అన్న ఓడ ఏదయ్యా?" అన్నావు. "దూరంగా ఉంది వదినా, కనపడదు" అన్నాను. ఇంటికి రాగానే పాత కాగితాలన్నీ వెతికాను.

పడవలో గీసిన ఆ కాగితం దీనితో పంపుతున్నాను. సంతకం కూడా పెట్టాను. రేవులో అందరికీ చూపించు. బారెంట్ ఓడ ఎంత వెనక ఆగిందో వాళ్లకు చెప్పనక్కర్లేదు, చూస్తే వాళ్లకే తెలుస్తుంది.

ముందు నువ్వు చూడు. ఓడ వెనక అంచున నిలబడ్డది అన్నయ్యే. మనవాళ్లు వస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

నీ మరిది